‘ముందు నువ్వెవరో చెప్పు’

ఎం.ఏ. ఇంగ్లీషు రెండో ఏడాది మొదటి వారం. ప్రాజెక్టుకి ఎవరు ఏ విషయం తీసుకుంటున్నారో ఒక్కొక్కరే లేచి చెప్పమన్నారు మా మేడమ్. ఒకమ్మాయి షేక్‌స్పియర్ అంది. ఇంకొకతను ఆర్.కె. నారాయణ్ అన్నాడు. ఇద్దరు దళిత సాహిత్యం అన్నారు. నా వంతు వచ్చింది. “క్వీర్ సాహిత్యం మేడమ్” అన్నాను.

కాసేపు ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినపళ్ళేదు. తర్వాత వెనక బెంచీల్లోంచి నవ్వు మొదలైంది. ఎవడో “ఏందిరా, మాకెప్పుడూ చెప్పలా!” అన్నాడు. మేడమ్ వాళ్ళని కసిరారు. ఆవిడ మంచి మనిషి. నా వైపు తిరిగి గొంతు తగ్గించి, “తీసుకోవయ్యా, కాదనను. కానీ ముందు నిన్ను నువ్వు పరిచయం చేసుకో. అసలు నువ్వెవరు, ఈ టాపిక్కే ఎందుకు? పర్సనల్ రీజన్ ఏమైనా ఉందా?” అని అడిగారు.

పేరూ ఊరూ చెప్పి కూర్చున్నాను. ఆ రోజు నోట్లోనే ఉండిపోయిన జవాబు ఇది. మేడమ్ మీద కోపంతో రాయడం లేదు. ఆ ప్రశ్న ఆవిడ సొంతం కాదు. మన అందరి నోళ్ళలోనూ ఎప్పుడూ సిద్ధంగా ఉండే ప్రశ్న అది.

షేక్‌స్పియర్ తీసుకున్న అమ్మాయిని “మీ నాన్నని ఎవరైనా చంపారా, హామ్లెట్ ఎందుకు చదువుతున్నావు?” అని ఎవరూ అడగలేదు. ఆర్.కె. నారాయణ్ తీసుకున్నతన్ని మాల్గుడిలో చుట్టాలున్నారా అని అడగలేదు. వాళ్ళకి సాహిత్యం మీద ఇష్టం ఉంటే చాలు. నాకు మాత్రం కారణం కావాలి, ఆ కారణం నా ఒంట్లోనే ఎక్కడో ఉండాలి!

ఈ పత్రిక చదివే వాళ్ళకి ఇది కొత్తగా ఉండదనుకుంటాను. స్త్రీవాదం చదువుతానన్న ఆడపిల్లని “ఇంట్లో ఏమైనా ప్రాబ్లమా అమ్మా?” అని అడిగేది ఈ గొంతే. 1993లో ఓల్గా సంపాదకత్వంలో ‘నీలిమేఘాలు’ వచ్చినప్పుడూ, దానికి ముందూ వెనకా, ఆడవాళ్ళు తమ శరీరాల గురించి తాము రాసుకున్న కవిత్వాన్ని ‘నీలి కవిత్వం’ అని వెక్కిరించారు. కవిత్వంలో ఉన్న ప్రశ్నకి జవాబు చెప్పడం మానేసి, రాసిన మనిషి కాపురం గురించీ గుణం గురించీ ఆరా తీశారు. సమాజానికి వేసిన ప్రశ్నని ఒక మనిషి సొంత జబ్బుగా మార్చెయ్యడానికి ఇంతకన్నా తేలిక మార్గం లేదు. “నీకే ఏదో ఉంది” అంటే చాలు, అడిగినవాడు శుభ్రంగా చేతులు కడుక్కోవచ్చు.

అయితే ఇక్కడ నాకొక చిక్కుంది. చదివేవాడికి ఊరూ పేరూ ఉండవు, సాహిత్యం ముందు అందరూ సమానమే అనే మాట నేను నమ్మను. మా జిల్లాల్లో పుట్టినవాడు ఆ మాట నమ్మకూడదు కూడా. 1985లో ప్రకాశం జిల్లా కారంచేడు, 1991లో గుంటూరు జిల్లా చుండూరు... ఆ నెత్తుటి తర్వాత దళిత రచయితలు తెలుగు సాహిత్యాన్ని నిలదీసి అడిగింది సరిగ్గా ఇదే: మాట్లాడుతున్నది ఎవరు? ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారు? అది న్యాయమైన ప్రశ్న. దాని వల్లే మన సాహిత్యం ఎదిగింది.

మరి రెండు ప్రశ్నలకీ తేడా ఏమిటి? కింద ఉన్నవాళ్ళు పైనున్నవాళ్ళని “నువ్వెవరు?” అని అడిగితే, అప్పటిదాకా దాచిపెట్టిన అధికారం బయట పడుతుంది. పైనున్నవాళ్ళు అదే మాట కింద ఉన్నవాళ్ళని అడిగితే అది తనిఖీ. పోలీసు స్టేషన్‌లో అడిగినట్టుంటుంది.

అందుకని మేడమ్ అడిగిన పరిచయం చేసుకుంటాను. ఆవిడ అడిగిందనుకున్న విషయం తప్ప మిగిలినవన్నీ చెప్తాను.

మాది చిలకలూరిపేటకీ మార్టూరుకీ నడుమ ఒక ఊరు. నల్లరేగడి నేల. పత్తీ, మిర్చీ తప్ప మా ఇంట్లో వేరే మాట లేదు. మాది భూమి ఉన్న కులం. నా ఇంటిపేరు వింటే చాలు, కులం ఏమిటో మా ప్రాంతంలో ఎవరికైనా తెలిసిపోతుంది. అంటే ఆ పరిచయం నేను నోరు తెరవకుండానే జరిగిపోతుంది. దాని వల్ల నాకు ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ రాలేదు, చాలా సౌకర్యాలు వచ్చాయి. డిగ్రీ అయ్యాక ఒక ఏడాది నాన్నతో సేద్యం చేశాను. మగపిల్లాణ్ణి కాబట్టి చదువుకి అప్పు తెచ్చారు. మా అక్కకి డిగ్రీ ఇష్టమైనా ఇంటర్‌తో ఆపి పెళ్ళి చేశారు. ఇవేవీ క్లాసులో ఎవరూ అడగలేదు. నా చదువు మీద నా ప్రేమల కన్నా వీటి ప్రభావమే ఎక్కువని నాకనిపిస్తుంది.

ఎండిన కాయ కళ్ళంలో పోసినప్పుడు మా అమ్మా, కూలికి వచ్చిన ఆడవాళ్ళూ తలకి గుడ్డలు చుట్టుకుని తాలు ఏరుతారు. రంగు పోయి తెల్లబారిన కాయ తాలు. వానకి తడిసినా, తెగులు తగిలినా, ఆరబెట్టడం కుదరకపోయినా కాయ తాలవుతుంది. ఘాటుకి వాళ్ళ చేతులు మండుతాయి, దగ్గొస్తుంది. ఎర్రకాయ ఒక పక్క, తాలు ఒక పక్క. యార్డుకి రెండూ వెళ్తాయి. రెండూ అమ్ముడుపోతాయి, ధరే వేరు. చిన్నప్పుడు అమ్మని అడిగాను, “తాలు లేకుండా పండించలేమా?” అని. “తాలు లేని కళ్ళం ఏడుంటదిరా నాయనా” అంది. మనుషులు మిరపకాయలు కారు, ఆ పోలికని ఇంకా సాగదీయను. కానీ ఏరడం అనే పని ఎంత చిన్న వయసులో నేర్పుతారో నాకు కళ్ళంలోనే తెలిసింది. ఏరేవాళ్ళ చేతులు మండుతాయి, ధర మాత్రం ఎక్కడో కూర్చున్నవాళ్ళు నిర్ణయిస్తారన్నదీ అక్కడే తెలిసింది.

ఇక అసలు గొడవకి వస్తాను. “ఇదంతా పడమటి దేశాల నుంచి దిగుమతి. మన సంస్కృతి కాదు” అంటారు. మా క్లాసులో అన్నారు, ఇంట్లో బాబాయ్ అన్నాడు. గుంటూరు గడ్డ మీద కూర్చుని ఈ మాట అనడానికి ధైర్యం కావాలి! మన పౌరుషానికి గుర్తుగా చెప్పుకునే మిరపకాయ అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మన దేశానికి వచ్చింది. అంతకు ముందు మన కూరల్లో కారానికి మిరియాలే దిక్కు. ఈరోజు మా చేలల్లో పండే పత్తి జాతి కూడా అమెరికాదే. అందులో పెట్టిన బి.టి. జన్యువు 2002లో అనుమతి పొంది వచ్చింది. వీటిలో దేనినీ మనం పరాయిది అనలేదు. అసలు దిగుమతి ఏదో తెలుసా? 377వ సెక్షన్. 1860లో ఇంగ్లీషువాళ్ళు మన నెత్తిన పెట్టిన శిక్షాస్మృతిలోది. దాన్ని మాత్రం 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఇష్టపూర్వక సంబంధాలకు వర్తించదని చెప్పేదాకా మన సంస్కృతి అనుకుని మోశాం.

మరి మనది అనుకునే దానిలో ఏముంది? వానలు పడకపోతే మా తాతల కాలంలో విరాటపర్వం చదివించేవాళ్ళు. ఇప్పటికీ అక్కడక్కడా చదివిస్తారు. తిక్కన రాసిన ఆ పర్వంలో అర్జునుడు ఏడాది పాటు బృహన్నలగా అంతఃపురంలో ఆడపిల్లలకి నాట్యం నేర్పుతాడు. బీటలు వారిన చేల కోసం ఊరంతా కూర్చుని విన్నది పేడి రూపంలో బతికిన ఒక వీరుడి కథ! కథ అయ్యాక ఇంటికెళ్తూ దారిలో హిజ్రా కనపడితే రాళ్ళు విసిరే పిల్లల్ని ఎవరూ ఆపరు.

ఇంకొక మాట. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా, చింతామణిగా, రోషనారగా తెలుగు నాటకరంగాన్ని ఏలాడు. ప్రభుత్వం 1956లో పద్మశ్రీ ఇచ్చింది. ఆయన నడకకీ, చీరకట్టుకీ జనం మురిసిపోయారు. ఆయన సొంత జీవితం గురించి నేనేమీ అనడం లేదు, అది నాకు అనవసరం. నేనంటున్నది చూసిన వాళ్ళ గురించి. ఆ నడకే స్టేజీ దిగి కాలేజీ వరండాలో కనపడితే ‘తేడా’ అంటాం, ‘ఆడంగి’ అంటాం, ఇక్కడ అచ్చు వేయలేని మాటలు కూడా అంటాం. మనకి అభ్యంతరం నడక మీద కాదు. నాటకం అయిపోయాక, అజ్ఞాతవాసం ముగిశాక, మగవాడు మగవాడిగా తిరిగి రావాలి. రానివాడి మీదే మన కోపమంతా.

ప్రాచీనంలో ఉంది కాబట్టి ఒప్పుకోండని బతిమాలడం నా ఉద్దేశం కాదు. ప్రాచీనంలో కులమూ ఉంది, సహగమనమూ ఉంది. బృహన్నల లేకపోయినా ఈ మనుషులకి బతికే హక్కు ఉంటుంది. అబద్ధం చెప్పి ఏరెయ్యకండి అన్నదే నా వాదన.

ఇప్పుడు నా పరిచయంలో నేను దాచాలనుకున్న భాగం.

ఇంటర్ ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. గదికి పద్నాలుగు మందిమి. పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు. మా గదిలో మాచర్ల వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడుండేవాడు. పేరు రాయను. ఫిజిక్స్‌లో మా అందరికన్నా ముందుండేవాడు. మాట్లాడేటప్పుడు చేతులు తిప్పేవాడు, నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. అంతే, అంతకన్నా నేరమేమీ చెయ్యలేదు. వాణ్ణి ‘మేడమ్’ అని పిలిచేవాళ్ళం. శనివారం రాత్రుళ్ళు దుప్పటి పైటలా కప్పి గదిలో ఈ చివర నుంచి ఆ చివరికి నడవమనేవాళ్ళు. 2018 సెప్టెంబర్‌లో తీర్పు పేపర్లో వచ్చిన రోజు ఆ పేజీ వాడి మంచం మీద అంటించి “నీకు లైసెన్సు వచ్చిందిరా” అన్నారు. దేశంలో కొన్ని లక్షల మంది కన్నీళ్ళు తుడుచుకున్న రోజు మా గదిలో అట్లా గడిచింది.

నేను వాణ్ణి ఏమీ అనలేదు, వాడి ఒంటి మీద చెయ్యి వెయ్యలేదు. తలుపు దగ్గర నిలబడేవాణ్ణి. వార్డెన్ వస్తున్నాడేమో చూసి చెప్పడం నా పని. మిగతావాళ్ళు నవ్వితే నేనూ నవ్వేవాణ్ణి. నవ్వకపోతే తర్వాత వంతు నాదవుతుందని భయం. వాడు ఒకసారి వార్డెన్ దగ్గరకి వెళ్ళి చెప్పుకున్నాడు. “నువ్వు మగాడిలా నడిస్తే వాళ్ళెందుకంటారు?” అన్నాడు ఆయన. సంక్రాంతి సెలవులకి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. వాడి మంచం మీదకి ఇంకొకడి ట్రంకుపెట్టె వచ్చింది.

సేద్యం చేసిన ఏడాది నాన్నతో గుంటూరు యార్డుకి మిర్చి తీసుకెళ్ళాను. కాటా దగ్గర చీటీలు రాస్తున్నది వాడే. నన్ను గుర్తుపట్టాడు. మా టిక్కీలు లెక్క చూసి, తాలు ఎంతో విడిగా రాసి, చీటీ నా చేతికి కాకుండా మా నాన్న చేతికి ఇచ్చాడు. నేను ఒక్క మాటైనా మాట్లాడి ఉండాల్సింది. లారీ అడ్డమొచ్చిందని నాకు నేను చెప్పుకుని బయటకొచ్చేశాను.

మేడమ్, ఇదీ నా పర్సనల్ రీజన్.

కాలేజీల్లో, యూనివర్సిటీల్లో జెండర్ పేరుతో, లైంగికత పేరుతో సాటి విద్యార్థిని హింసించడం ర్యాగింగే అని యూజీసీ 2016లోనే తన నిబంధనల్లో చేర్చింది. ఆ సంగతి నాకు ఎం.ఏ.కి వచ్చాక తెలిసింది. ఇంటర్ కాలేజీలు యూజీసీ కిందకి రావు కాబట్టి మా గదికి ఆ కాగితం ఎలాగూ చేరేది కాదు. కానీ కాగితం కన్నా ముందు ఒక పుస్తకం చేరి ఉండొచ్చు కదా? తమిళ హిజ్రా రచయిత్రి ఎ. రేవతి తన జీవితాన్ని తానే రాసుకున్నారు. దాన్ని ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగులోకి తెచ్చింది ఎవరో కాదు, మా గుంటూరు జిల్లా కొలకలూరులో పుట్టి, విజయవాడలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన పి. సత్యవతి గారు. ఆ అనువాదానికి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఒక స్త్రీవాద రచయిత్రి ఆ పని చెయ్యడం యాదృచ్ఛికం కాదనుకుంటాను. ఆ పుస్తకంలో ఇల్లు, అన్నల దెబ్బలు, వీధి, పోలీసులు చదువుతుంటే నాకు మా గది తలుపు గుర్తొచ్చింది. ఆ తలుపు దగ్గర నిలబడ్డ కుర్రాడికి, అంటే నాకు, పదహారేళ్ళప్పుడు ఎవరైనా ఆ పుస్తకం ఇచ్చి ఉంటే? ఏమయ్యేదో చెప్పలేను. కానీ తెలియదు అనే సాకు నాకు మిగిలేది కాదు.

ఇది ఆడవాళ్ళ సమస్య కాదు, మాకు మా సమస్యలు చాలు అనే స్నేహితులతో ఒక్క మాట. 2019లో ఒంగోలు మహిళా పోలీసు స్టేషన్‌లో ఒక ట్రాన్స్ మహిళ భర్త మీదా అత్తమామల మీదా 498ఎ కింద ఫిర్యాదు చేసింది. కేసు హైకోర్టుకి వెళ్ళింది. ఆమె పిల్లల్ని కనలేదు కాబట్టి స్త్రీ కాదు, ఈ చట్టం ఆమెకి వర్తించదని అవతలి పక్షం వాదించింది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఆ వాదనని కొట్టేశారు. పిల్లల్ని కనగలగడంతో స్త్రీత్వాన్ని ముడిపెట్టడం రాజ్యాంగ స్ఫూర్తికి విరుద్ధమన్నారు. ఆరోపణలకి తగిన ఆధారాలు లేవని ఆ కేసుని రద్దు చేశారు, అది వేరే సంగతి. నేను చూస్తున్నది వాదన వైపు. ఒక మనిషి కట్నం వేధింపుల గురించి చెప్పడానికి వెళ్తే, ‘ముందు నువ్వెవరో చెప్పు’ అన్నారు. ఆ వాదనే నెగ్గి ఉంటే ‘గొడ్రాలు’ అని మన ఊళ్ళు తరిమిన ప్రతి ఆడమనిషినీ అదే తలుపు దగ్గర ఆపేవాళ్ళు. 1983లో మహిళా ఉద్యమం కొట్లాడి తెచ్చుకున్న సెక్షన్ అది. దానికి కాపలా కాయాల్సింది గర్భసంచి కాదు.

ఇంకొకటి. “పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయి” అనే మాట మన ఊళ్ళలో ఎంత సులువుగా అంటారో మీకు తెలుసు. కొడుకు సంగతి తెలిసీ, పక్క ఊరి అమ్మాయిని తెచ్చి, కట్నం పుచ్చుకుని, గదిలోకి పంపి తలుపు వేస్తారు. రెండు బతుకులు బుగ్గి. ఏడాది తిరిగేసరికి “కోడలిలోనే లోపం” అంటారు. ఆ అబ్బాయికి ముందే బతకనిచ్చి ఉంటే ఈ అమ్మాయి బతికేది. ఇద్దరినీ కలిపి కట్టేసిన తాడు పితృస్వామ్యమే. మరి ఆ తాడు గురించి రాసే సాహిత్యం ఆడవాళ్ళకి పరాయిది ఎలా అవుతుంది? 2023 అక్టోబర్‌లో స్వలింగ వివాహాలకి చట్టబద్ధత ఇవ్వలేమని సుప్రీంకోర్టు అన్నప్పుడు మా ఊళ్ళో హమ్మయ్య అనుకున్నవాళ్ళున్నారు. వాళ్ళలో కొందరు అలాంటి అబద్ధపు పెళ్ళిళ్ళకి అక్షింతలు వేసినవాళ్ళే!

పరిచయం ఎలా చేసుకోవాలో నాకు నేర్పింది ఒక న్యాయమూర్తి. 2021లో మద్రాసు హైకోర్టుకి, ఇళ్ళ నుంచి తప్పించుకొచ్చిన ఇద్దరు యువతులు రక్షణ కోరుతూ వెళ్ళారు. కేసు విన్న జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ వాళ్ళని విప్పి చూడాలనుకోలేదు. ఈ విషయంలో తనకే సరైన అవగాహన లేదని, తనలోనూ దురభిప్రాయాలున్నాయని ఒప్పుకుని, మానసిక నిపుణురాలి దగ్గర కూర్చుని తెలుసుకుని, ఆ సంగతి తీర్పులోనే రాశారు. తీర్పు చెప్పేవాడు ముందు తనని తాను పరిచయం చేసుకున్నాడు. ప్రశ్న తిరగాల్సిన దిక్కు అదే.

అందుకని నా ప్రాజెక్టు మొదటి పేజీలో పేరు కింద ఇలా రాస్తున్నాను: భూమి ఉన్న కులంలో పుట్టిన మగవాడు. ఒకప్పుడు తలుపు దగ్గర కాపలా కాసినవాడు. నేను ఎవరిని ప్రేమిస్తానో అందులో ఉండదు. సిగ్గుపడి కాదు, భయపడి కాదు. అది చెప్తే ‘వీడు అదే’ అని ఒకరు, ‘హమ్మయ్య, వీడు కాదు’ అని ఇంకొకరు పుస్తకం మూసేస్తారు. రెండు రకాలుగానూ మూసెయ్యడం నాకిష్టం లేదు.

వచ్చే మాఘంలో మళ్ళీ కాయ యార్డుకి వెళ్తుంది. ఈసారి చీటీ నా చేత్తో నేను తీసుకుంటాను. ఏం మాట్లాడాలో ఇంకా తెలియదు. మొదట మాత్రం “నేను ఫలానా, ఆ రోజు తలుపు దగ్గర ఉన్నవాణ్ణి” అని నా పరిచయం నేను చేసుకోవాలి. వాడు వింటాడో లేదో వాడిష్టం.